పంక్తిలో రెండు దూడలు

ఆ వాక్యం నేనే రాశాను. ఒక ఇంటి దూడలకు జబ్బు చేసినందువల్ల వాటి కొలతలను లెక్కలోంచి తీసేశామని. ఇంగ్లీషులో అది ఇంకా నున్నగా వచ్చింది. చదివేవాళ్ళ కన్ను ఎక్కడా ఆగదు, అలా జారిపోతుంది. అలాంటి వాక్యాలు రాయడంలో నాకు కాలేజీలో మంచి పేరే ఉంది.

ఆ దూడలకు ఏ జబ్బూ లేదు.

తిరుపతిలో పశువైద్యం నేర్పే కాలేజీలో చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. పరిశోధన చేసే పిల్లలకు గైడుగా ఉంటాను. ఆ పనిలో సగం పశువుల గురించి, మిగతా సగం కాగితం గురించి. చేసిన పనిని పేపరుగా ఎలా రాయాలి, ఏ పత్రికకు పంపాలి, సభలో నిలబడి ఎలా చెప్పాలి, ఇవన్నీ నేర్పాలి. నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అచ్చయిన పేపర్లను ముందు పెట్టుకొని వాటి నడక పట్టుకున్నాను. వాటిలో ఎవరూ తడబడరు. ఏ దూడా తాడు తెంపుకొని పోదు. వాన వచ్చి బస్సు ఆగిపోయిందని ఎవరూ రాయరు. మంచి రాత అంటే అదే అనుకున్నాను. నా దగ్గరికి వచ్చిన పిల్లలకూ అదే అలవాటు చేశాను.

ఆ వాక్యం ఉన్న పేపరు రాసిన అమ్మాయిది చిత్తూరు. వాళ్ళ నాన్నకు బజారులో బట్టలు కుట్టే అంగడి ఉంది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, మా కాలేజీలో ఇంగ్లీషు. ఒక్క పేపరునైనా ఏదో ఒక పత్రిక ఒప్పుకుంటేనే మా దగ్గర థీసిస్ ఇవ్వనిస్తారు. ఆమెకు వచ్చే స్కాలర్‌షిప్పు ఆ ఏడాదితో ఆగిపోతుంది. ఆలోపు పేపరు గట్టెక్కకపోతే చదువు మధ్యలో వదిలి ఎక్కడైనా ఉద్యోగంలో చేరాల్సిందే. ఈ సంగతి ఆమె ఒకసారి చెప్పి ఊరుకుంది, మళ్ళీ ఎత్తలేదు. నేనే రోజూ తలుచుకొని కంగారు పడేవాడిని. తర్వాత నా అబద్ధానికి ఆ కంగారునే సాకుగా వాడుకున్నాను.

మేం చేసిన పని చిన్నదే. ఎండబెట్టి పొడి చేసిన మునగాకును దాణాలో కలిపి పెడితే దూడలు బాగా పెరుగుతాయా అని చూడడం. పుత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో, ఇంచుమించు ఒకే వయసు పెయ్యదూడలు రెండు ఉన్న ఇళ్ళను ఎంచుకున్నాం. ఒక దూడకు మునగాకు కలిపిన దాణా, రెండోదానికి మామూలు దాణా. పొడి సంచి ఇంటివాళ్ళకే ఇచ్చేశాం, రోజూ వాళ్ళే కలిపి పెట్టాలి. ఒకే ఇల్లు, ఒకే కొట్టం, ఒకే గడ్డి. తేడా వస్తే అది మునగాకు వల్లే అని ఎవరైనా ఒప్పుకోవాలి. ఆ ఏర్పాటు నాది. నా గదిలో ఫ్యాను కింద కూర్చొని కాగితం మీద గీసుకున్నప్పుడు ఎంత ముచ్చట వేసిందో చెప్పలేను. ఆ కొట్టాల్లో ఒక్కదానిలోకీ నేను అడుగు పెట్టలేదు. ఆ అమ్మాయే బస్సులో పోయి, దూడ ఛాతీ చుట్టూ టేపు పట్టి, దాన్నిబట్టి బరువు అంచనా కట్టి తెచ్చేది.

మునగాకు తిన్న దూడలు ముందున్నాయి. ఒక్క ఇంట్లో మాత్రం రెండు దూడలూ సమానంగా పెరిగాయి. రెండూ బాగా పెరిగాయి.

"దీన్ని తీసెయ్యమ్మా," అన్నాను. "ఒక్కటి వంకరగా ఉంటే పట్టిక మొత్తం వంకరగా కనిపిస్తుంది."

"ఎందుకట్లయిందో ఒకసారి పోయి అడిగొస్తా సార్."

"అడిగి ఏం చేస్తావు?"

"ఏమో సార్. ఊరికే."

మరుసటి రోజు గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే నవ్వడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఒక పెద్దామె, రెండు ఆవులు, ఈ రెండు దూడలు. కొడుకు రేణిగుంట వైపు గోడౌన్లో పనికి పోతాడు. దూడలను చూసుకునేది పెద్దామే.

"పెద్దమ్మ రెండింటికీ పెడతా ఉండాది సార్. మనమిచ్చిన పొడి రెండింటికీ పంచి పెడతా ఉండాది. ఎందుకు పెద్దమ్మా అంటే నన్నే తిట్టింది." అని, నడుం మీద చెయ్యి పెట్టుకొని పెద్దామె గొంతును అచ్చంగా దించేసింది: "ఏం పాపా, రెండు బిడ్డలు పక్కపక్కన నిలబడుకోనుంటే ఒకదానికి పెట్టి ఇంకోదాని మొగం సూస్తా ఉండమంటావా? పంక్తిలో ఎవురన్నా అట్ల ఒడ్డిస్తారా? మీ సారోళ్ళ ఇంట్లో ఒడ్డిస్తారేమో, మా ఇంట్లో ఒడ్డించరు!"

నేనూ నవ్వాను. నవ్వి, "నువ్వు పోయినప్పుడల్లా సరిగ్గా పెడుతున్నానని చెప్పింది కదా?" అన్నాను.

"సరిగ్గానే పెడతా ఉండాను అనింది సార్. ఆమె లెక్కన అదే సరి."

"సరే, కారణం తెలిసింది కదా. ఇంకేం, తీసెయ్."

"తీసేస్తే, ఎందుకు తీసేసినామో రాద్దాం సార్."

రాసి తెచ్చింది. ఆ ఇంటామె పొడిని రెండు దూడలకూ పంచినందువల్ల ఆ ఇంటిని విడిగా చూపుతున్నామని, ఉన్నది ఉన్నట్టు. నేను కొట్టేశాను. "ఇది చూస్తే పత్రికవాళ్ళు ఏమడుగుతారో తెలుసా? ఒక ఇంట్లో పంచినప్పుడు మిగతా ఇళ్ళలో పంచలేదని మీకెలా తెలుసు అంటారు. అప్పుడేం చెబుతావు?"

నిజానికి అది నేను వేసిన మంచి ప్రశ్న. అంత మంచి ప్రశ్న నోట్లోంచి వచ్చాక కూడా, దానికి జవాబు వెతకాలని నాకు తోచలేదు. ఎవరూ అడగకుండా చెయ్యాలనే తోచింది. వాక్యం కొట్టేసిన చోట జబ్బు సంగతి రాశాను. ఆమె చూసింది. సరే సార్ అంది.

పేపరు పంపడానికి ముందు ఒక సభలో ఆ పని గురించి చెప్పే అవకాశం వచ్చింది. మా సెమినార్ హాలులో అభ్యాసం పెట్టుకున్నాం. ముందు వరుసలో జూనియర్లు నలుగురైదుగురు. బొమ్మల మీద బొమ్మలు చూపిస్తూ బాగానే చెప్పుకుపోయింది. దూడల పట్టిక దగ్గరికి వచ్చి ఆగింది. మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాను. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది.

"ఏమైందమ్మా?"

"సార్, ఆ దూడలకు ఏం జబ్బు అని ఎవరన్నా అడిగితే ఏం చెప్పాల?"

"విరేచనాలని చెప్పు. దూడలకు మామూలే కదా."

ముందు వరుసలో ఒక కుర్రాడు తల ఊపాడు. ఆ తల ఊపడం నేను చూశాను. వాడు నా దగ్గర నేర్చుకుంటున్నాడు.

ఆమె తెర వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "పెద్దమ్మ వింటే బాధపడతాది సార్. ఆ దూడలకు ఒక్కనాడు గూడా బాగలేకుండా పోలేదు. మేత బాగా తింటా ఉండాయని ఎవరితోనన్నా చెప్పాలన్నా భయపడతాది, దిష్టి తగులుతాదని."

నన్ను తప్పు పట్టడానికి అన్న మాట కాదది. పెద్దామె మీద దిగులుతో అన్నది. తప్పు పట్టి ఉంటే ఏదో ఒకటి వాదించి గెలిచేవాడిని. అందుకు నా దగ్గర మాటలు ఎప్పుడూ ఉంటాయి. ఈ రోజుకు చాలని అందరినీ పంపేశాను.

గదిలో కూర్చుంటే మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో అన్నానికి నేల మీద వరుసగా కూర్చునేవాళ్ళం. ఇంట్లో పనికి వచ్చిన మనిషి ఉంటే అమ్మ ఆ మనిషికీ అదే వరుసలో ఆకు వేసేది. ఒకసారి ఉన్న కాస్త నెయ్యి నా ఆకులో ఎక్కువ వెయ్యమని గునిశాను. అమ్మ నెయ్యిగిన్నె తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఎవరికీ నెయ్యి లేదు. ఇలాంటి ఇంట్లో పెరిగిన వాణ్ణి. రెండు దూడలను పక్కపక్కన కట్టి ఒకదానికే పెట్టమని ఊరూరా సంచులు పంచినప్పుడు, వీళ్ళెవరూ అలా చెయ్యలేరని నాకు ఎందుకు తట్టలేదు? చదివిన పేపర్లన్నీ గుర్తున్నాయి. తిన్న ఇల్లు గుర్తు లేదు.

మరుసటి రోజు ఉదయం ఆమెకు ఫోను చేసి, "పుత్తూరు బస్సుకు నేనూ వస్తా," అన్నాను.

"మీరా సార్?" అంది. తర్వాత, ఆ మాట బాగోలేదనుకుందేమో, "రండి సార్, ఎండెక్కకముందే పోదాం," అంది.

బస్సు నిండా చేతులకూ కాళ్ళకూ దెబ్బలు తగిలించుకొని పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి పోయేవాళ్ళు. ఆమె కిటికీ పక్కన కూర్చొని, "మా ఇంట్లోనూ పెద్దమ్మ చెప్పిన మాదిరే సార్," అంది. "దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి అందరం చుట్టూ కూర్చుంటే, మా అమ్మ ముక్కలు అందరికీ వచ్చినాయా లేదా అని చూసేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. పెద్దమ్మ చెప్తానే నాకు తెలిసిపోయింది. ముందే తెలిసుండాల్సింది. కానీ మీరు గీసిచ్చినారు కదా, అట్లనే జరుగుతాదనుకున్నా."

పెద్దామె కొట్టంలో పేడ ఎత్తుతోంది. నన్ను కిందనుంచి మీదిదాకా చూసింది.

"ఈయనేనా మీ సారు? లావుగా ఉంటాడనుకొంటి." తర్వాత చీపురు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకొని, గొంతు తగ్గించింది. "ఏం సారూ, నా వల్ల పాపకు సదువు పోతాదా? మొన్న వచ్చి అడిగి పోయినప్పటినుంచి నాకు మనసే బాగలేదు. దూడలకు పెట్టింది ఎనక్కి తీసుకొనేకి లేదు కదా."

"లేదమ్మా. తప్పు నాది."

"నువ్వేం తప్పు చేసినావు? నువ్వసలు ఈ కొట్టంలోకి కాలే పెట్టలేదే."

"అదేనమ్మా తప్పు."

ఆమె ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఏం పాపా, మీ సారు మంచోడే మాదిరుండాడే. నువ్వు భయపడినావే అంతగా!" ఆ అమ్మాయి నేల చూసింది. నేనూ చూశాను. దూడలు మాత్రం ఎవరి మాటా పట్టించుకోకుండా నిలబడి ఉన్నాయి. నేను వాటిని మొదటిసారి తాకింది అప్పుడే. చెవుల వెనక వెచ్చగా, మెత్తగా ఉంది.

ఆ వారమంతా మిగతా ఇళ్ళన్నీ తిరిగాం. చెప్పినట్టే చేశారా అని ఈసారి అడగలేదు. ఆ ప్రశ్నకు అందరూ చేశామనే అంటారు. "రెండో దూడ ఊరుకుండిందా?" అని అడిగాం. అడగ్గానే మనుషులు నవ్వేవాళ్ళు. "యాడ ఊరుకుంటాది సారూ, గంప మోసుకోని వస్తానే మెడ సాపతాది," అన్నాడొకాయన. ఒక ఇంట్లో అప్పుడప్పుడూ ఓ పిడికెడు వేశారు. ఇంకో ఇంట్లో సంచి అడుగున మిగిలిన పొడంతా రెండోదానికి పెట్టేశారు. కొందరు నిజంగానే పెట్టలేదు, కానీ పెట్టలేదని చెప్పడానికి సిగ్గుపడ్డారు. అందరి జవాబులూ పెట్టి ఆమె మళ్ళీ లెక్కలు చేసింది. మునగాకు దూడలు ఇంకా ముందే ఉన్నాయి. ఎంత ముందు అన్నది గట్టిగా చెప్పలేని పరిస్థితి.

తిరుగు బస్సులో రేణిగుంట దాటాక ఆమె అడిగింది. "సార్, ఇప్పుడు మన పేపరు యాడికి పోతాది?"

"తెలియదమ్మా."

అంతకంటే నిజమైన మాట ఆమెకు నేను అంతవరకూ చెప్పలేదు. ఆమె వైపు తిరిగి, "ఆ విరేచనాల మాట మర్చిపో," అన్నాను. "నేను అలా అనకుండా ఉండాల్సింది. నన్ను క్షమించు."

"నేనెప్పుడో మర్చిపోయినా సార్," అంది. "మీరే మర్చిపోకుండా ఉండారు."

పేపరు మళ్ళీ మొదలుపెట్టాం. ఇంతకుముందు ఆమె రాసి తెచ్చేది, నేను మొత్తం తిరగరాసేవాడిని. చివరికి మిగిలేది నా రాతే, పైన పేరు మాత్రం ఆమెది. దాన్నే నేర్పడం అనుకునేవాడిని. ఈసారి ఆమె పక్కన కుర్చీ వేసుకొని, "తర్వాత ఏం జరిగింది?" అని మాత్రం అడిగాను. ఆమె చెప్పేది. చెప్పిందే టైపు చేసేది. నా చెయ్యి ఊరుకునేది కాదు, కీబోర్డు వైపు పోయేది. చేతులు కట్టుకొని కూర్చునేవాడిని. ఏ ఇంట్లో ఏం జరిగిందో, మేం ఎలా తెలుసుకున్నామో, ముందు ఎందుకు తెలుసుకోలేకపోయామో, అన్నీ వచ్చాయి. ఒకే కొట్టంలోని దూడలను వేరు చేసి పెట్టమనడం మా ఏర్పాటులోని లోపమని, ఇకముందు పొడి పెట్టిన ఇంటిని పెట్టని ఇంటితో పోల్చాలని ఆమె రాసింది. ఆ లోపం ఎవరిదో స్పష్టంగా రాయమన్నాను. "అది ఏర్పాటు లోపం సార్, మనుషుల పేర్లు అక్కర్లేదు," అంది. ఆ విషయంలో నన్ను కాపాడింది.

మొదటి పత్రిక పట్టుమని వారం కాకుండానే తిప్పి పంపింది. "చదివినట్టు గూడా లేదు సార్," అంది ఆమె. రెండోదానికి పంపాం. అక్కడినుంచి ఉలుకూ పలుకూ లేదు. ఈలోపు ఏడాది తిరిగింది, స్కాలర్‌షిప్పు ఆగిపోయింది. చిత్తూరులో సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెబుతూ, ఉదయం బస్సెక్కి కాలేజీకి వచ్చేది. ఒక్కనాడూ విసుక్కోలేదు. కాలేజీ గేటు దగ్గర బస్సు దిగి, ఎండలో తలమీద చున్నీ సర్దుకుంటూ నడిచి రావడం మా గది కిటికీలోంచి కనిపించేది. ఆ ఏర్పాటు గీసేముందు నేను ఒక్కసారి బస్సెక్కి ఉంటే ఆమెకు ఈ నడక ఉండేది కాదు. ఈ మాటను ఏ పేపరులోనూ రాయలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వాయిదా పడిన ఆ సభ జరిగిన రోజున నేను వెనక వరుసలో కూర్చున్నాను. దూడల పట్టిక తెర మీదికి వచ్చింది. ఆమె ఆగలేదు. పెద్దామె అన్న పంక్తి మాటను ఆమె చెప్పగానే హాలంతా నవ్వింది. నవ్వు తగ్గేదాకా ఉండి, "మేమూ నవ్వినాము. తర్వాత మిగతా ఇళ్ళకు పోయి అడిగినాము," అని, తర్వాతి బొమ్మ చూపించింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. చివర్లో ప్రశ్నల వేళ తల నెరిసిన ఒక శాస్త్రవేత్త లేచి, ప్రశ్నేమీ లేదని, తమ దగ్గర మేకలతో ఇలాంటి పనే చేశారని, తాము ఎవరినీ అడగలేదని చెప్పి కూర్చున్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలకు రెండో పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. ఇద్దరు పరీక్షకులు చదివారు. ఒకరికి నచ్చలేదు, ఒకరికి నచ్చింది. నచ్చినవారు చాలా సవరణలు అడిగారు. వాటిలో ఒకటి: పొడిని రెండు దూడలకూ సమానంగా పంచినట్టు రాశారు, సమానమని ఎలా తెలుసు?

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పంక్తి అంటే సమానం అనుకున్నాం. పెద్దామె అలా అనలేదు. మేమే అనుకున్నాం.

మళ్ళీ పుత్తూరు బస్సు. పెద్దామె అరుగు మీద కూర్చొని శెనక్కాయలు వలుస్తోంది. సంగతి చెప్పాం.

"సగం సగమా? ఎవురు సెప్పినారు?" అంది. "అది సూడు, ఆ తెల్లమచ్చది, పుట్టినప్పటినుంచి బక్కది. దానికి ఒక పిడికిడు ఎక్కువే ఏస్తా ఉంటి."

"మరి పంక్తి అన్నావు కదా పెద్దమ్మా," అంది ఆ అమ్మాయి.

"పంక్తి అంటే ఎవురికీ లేకుండా సెయ్యకూడదని పాపా. బక్కబిడ్డకు ఒక ముద్ద ఎక్కువేస్తే ఎవురు కాదంటారు? ఆ మాత్రం తెల్దా మీ సారుకి?"

ఆ అమ్మాయి అరుగు మీదే కూర్చొని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకొని, సమానంగా అన్న మాట తీసేసింది. ఇంటామె తన అంచనా ప్రకారం బలహీనమైన దూడకు ఎక్కువ పెట్టిందని, ఎంత ఎక్కువో కొలవలేదని రాసింది. రాసి, తెలుగులో పెద్దామెకు చదివి వినిపించింది. పెద్దామె తల ఊపి, "అది నిజం," అంది. తర్వాత ఆ అమ్మాయి తెరను నా వైపు తిప్పింది. చదివాను. నున్నగా లేదు. కన్ను అక్కడ ఆగుతుంది. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఆ జవాబు వెళ్ళాకే పేపరును ఒప్పుకున్నారు. థీసిస్ ఇచ్చే రోజు ఆమెతో పాటు వాళ్ళ నాన్న కూడా వచ్చి, నాకు తెలియకుండా నా కొలతలు ఎలా పట్టాడో, ఒక చొక్కా కుట్టి తెచ్చాడు.

అరుగు మీద పేపరు దిద్దిన ఆ రోజు పుత్తూరు దగ్గర మమ్మల్ని అన్నం తినకుండా పంపలేదు పెద్దామె. అరుగు మీద ఇద్దరికీ పళ్ళేలు పెట్టి రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి వడ్డించింది. నాకో ముద్ద. ఆ అమ్మాయికో ముద్ద, ఒక నిమిషం ఆగి చూసి, దాని మీద ఇంకో సగం.

"బక్కగా అయిపోయినావు పాపా, ఎండలో తిరిగి తిరిగి," అంది. తర్వాత నా వైపు చూసింది, ఏమన్నా అంటానేమోనని.

నేను పళ్ళెం దగ్గరికి లాక్కున్నాను.